ట్యాంకర్ స్లిప్పుల్లో దొరికిన పని గంటలు: బెంగళూరులో ఒక సెక్యూరిటీ గార్డుల కేసు

నేను బెంగళూరులో కార్మిక చట్టాల కేసులు చూసే లాయర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ. కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి గార్డులుగా, హౌస్‌కీపింగ్‌లో, బిల్డింగ్ పనుల్లో ఉన్నవాళ్లు. కన్నడలో మాట్లాడి బతుకు గడుపుకుంటారు గానీ, జీతం గొడవ చెప్పుకోవాలంటే తెలుగులో వినేవాళ్లు కావాలి. 2023 చివర్లో మొదలై 2024 జూలైలో ముగిసిన ఒక కేసును ఇక్కడ రాస్తున్నాను. ఆ గార్డుల అనుమతి తీసుకున్నాను. ఏజెన్సీ, అపార్ట్‌మెంట్, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను. చట్టానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

అడిగింది 1,320 రూపాయలు

నవంబర్‌లో ఒక సాయంత్రం ఏభై దాటిన మనిషి ఒకరు యూనిఫాం మీదే వచ్చారు. భుజం మీద ఏజెన్సీ బ్యాడ్జి కుట్టు ఊడి వేలాడుతోంది. ఇకపై ఆయన్ని పెద్దాయన అనే రాస్తాను.

"మా అమ్మ పోతే మూడు దినాలు ఊరికి పోయింటి మేడం. ఆరు దినాల జీతం పట్టుకున్నారు. మూడు దినాలది పోతే పోనీ, తక్కిన మూడు దినాలది ఇప్పించండి."

చేతికి వచ్చే జీతం నెలకు 13,200. రోజుకు 440 లెక్కన ఆయన అడిగింది 1,320. ఒక రోజు రాకపోతే రెండు రోజులు కోసే అలవాటు చాలా ఏజెన్సీల్లో ఉంది. ఇది చట్టానికి పూర్తిగా విరుద్ధం. అప్పుడు అమల్లో ఉన్న జీతాల చెల్లింపు చట్టం, 1936 ప్రకారం రాని రోజులకు తగ్గట్టుగానే కోత ఉండాలి. అంతవరకు చిన్న విషయమే, ఒక నోటీసుతో అయిపోయేది.

కానీ నేను ఎవరు వచ్చినా ఒక ప్రశ్న అడుగుతాను: డ్యూటీ ఎన్నింటికి ఎక్కుతారు, ఎన్నింటికి దిగుతారు?

"ఎనిమిదికి ఎక్కితే మళ్లా ఎనిమిదికి దిగేది."

వారంలో సెలవు?

"పదైదు దినాలకు ఒకసారి షిఫ్టు మారతాది. ఆ పొద్దు ఒకరు ఇరవై నాలుగు గంటలు చేస్తారు, ఇంకొకరికి ఇరవై నాలుగు గంటలు లీవు. అదే మాకు సెలవు."

ఆయన దాన్ని ఫిర్యాదుగా చెప్పలేదు. ఎండ కాస్తుంది, వాన పడుతుంది అన్నట్టు చెప్పారు. లెక్క వేస్తే సగటున వారానికి 84 గంటలు. ఆ అపార్ట్‌మెంట్‌లో ఈ ఏజెన్సీ గార్డులు తొమ్మిది మంది, అందరిదీ ఇదే పద్ధతి. చనిపోయిన తల్లి కోసం వెళ్లిన మూడు రోజులకు లెక్క అడిగిన మనిషి, రోజూ పోతున్న గంటలకు లెక్క ఉంటుందని అనుకోనే లేదు. నన్ను ఈ కేసులోకి లాగింది అదే.

జీతంలో ఉన్న కిటుకు

కాగితం మీద చూస్తే తప్పు కనపడదు. ఏజెన్సీ రిజిస్టర్‌లో జీతం 15,100. అందులో పీఎఫ్, ఈఎస్ఐ పోను మిగిలేది చేతికి. గార్డులకు ఆ ఏడాది ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కంటే అది కొన్ని వందలు ఎక్కువే. "కనీస వేతనం ఇస్తున్నాం కదా" అని ఏజెన్సీ ధీమాగా చెప్పగలదు. కానీ ఆ కనీస వేతనం పన్నెండు గంటల పనికి కట్టినది కాదు. మామూలు పని రోజుకు కట్టినది. పైన చేసిన గంటలకు రెట్టింపు లెక్కన వేరే ఇవ్వాలి. గంటలను దాచేస్తే జీతం సక్రమంగానే కనిపిస్తుంది. కాబట్టి ఈ కేసు మొత్తం ఒక్కదాని మీద ఆధారపడింది: పన్నెండు గంటలు అని రుజువు చేయగలమా?

నేను చేసిన మొదటి తప్పు

ముందు ఏజెన్సీ ఫీల్డ్ ఆఫీసర్‌తో మాట్లాడాను. ఆయన మర్యాదగానే విన్నాడు. మూడు రోజుల కోత సంగతి "చూస్తాం" అన్నాడు. గంటల మాట ఎత్తగానే "మాది మూడు షిఫ్టుల సైటు మేడం, మస్టర్ చూడండి" అన్నాడు. మస్టర్ అంటే హాజరు పట్టీ.

డిసెంబర్‌లో లేబర్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇచ్చాం. ఎవరి పేరుతో ఇవ్వాలన్న దగ్గర నేను సరిగ్గా ఆలోచించలేదు. పెద్దాయనకు ఉద్యోగం పోతుందన్న భయం. అదే గేటులో పనిచేసే ఇరవై ఆరేళ్ల కుర్రాడు ముందుకు వచ్చి "నా పేరు రాయండి అక్కా, నాకు పెళ్లాం పిల్లలు లేరు" అన్నాడు. రాశాను. వారం తిరగకముందే అతన్ని ఊరికి రెండో చివర, ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న గోడౌన్‌కు మార్చారు. రెండు బస్సులు మారి పన్నెండు గంటల డ్యూటీకి వెళ్లి రావడం కుదరక ఇరవై రోజులకు మానేశాడు. బదిలీ ఏజెన్సీ హక్కు అని కాగితంలో రాసి ఉంది. దాన్ని కక్ష సాధింపు అని రుజువు చేయడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కరి పేరు ముందు పెట్టడం వల్ల ఆ దెబ్బ మొత్తం అతని మీద పడింది. చట్టం అప్పటికే ఒక దారి ఇచ్చి ఉంది. కనీస వేతనాల చట్టం, 1948లోని 21వ సెక్షన్ ప్రకారం అప్పట్లో ఎంతమందైనా కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. నేను ఆ దారిలో ముందే వెళ్లాల్సింది.

జనవరిలో తనిఖీ జరిగింది. ఏజెన్సీ మస్టర్ చూపించింది. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అని మూడు షిఫ్టులు, అందరి సంతకాలు. ఆ సంతకాలు గార్డులవే. నెలకు ఒకసారి జీతం రోజున ఖాళీ గళ్లలో పెట్టించుకున్నవి. "సంతకం పెడితేనే జీతం పడతాది అన్నారు, పెట్టినాం." మస్టర్‌లో ఇంకో ఐదు పేర్లు ఉన్నాయి. వాళ్లను గేటు దగ్గర ఎవరూ ఎప్పుడూ చూడలేదు. తనిఖీ నివేదికలో మాత్రం రికార్డులు సక్రమంగా ఉన్నట్టే వచ్చింది.

నిజమైన రికార్డు ఇంకొకటి ఉండేది. గేటు క్యాబిన్‌లో ఛార్జ్ బుక్కు. డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి అప్పగించేటప్పుడు రాసేది: టార్చీలు రెండు, లాఠీ ఒకటి, తాళం చెవులు పదకొండు, టైము, ఇద్దరి సంతకాలు. అందులో మూడు షిఫ్టులు లేవు, రెండే ఉన్నాయి. తనిఖీ అయిన మర్నాడే ఫీల్డ్ ఆఫీసర్ వచ్చి పాత బుక్కులు తీసుకుపోయి కొత్తది పెట్టాడు. ఫిర్యాదు ఇచ్చే ముందే ఆ పేజీలు ఫోన్‌లో ఫొటో తీయమని చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరూ తీయలేదు. నేను చెప్పలేదు.

పది రెట్లా, పది రూపాయలా

ఫిబ్రవరి చివర్లో తొమ్మిది మందితో కలిపి కనీస వేతనాల చట్టం 20వ సెక్షన్ కింద, ఇలాంటివి విచారించే అధికారి దగ్గర క్లెయిమ్ వేశాం. అప్పటి చట్టంలో గడువు ఆరు నెలలు. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. తనిఖీ ఫలితం కోసం మూడు నెలలు ఆగేసరికి అన్ని నెలల పాత డబ్బు గడువు దాటి క్లెయిమ్‌లోంచి పోయింది. ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. రెండూ ఒకేసారి చేయాలి.

క్లెయిమ్ ఎలా రాయాలన్న దాని మీద నాలుగు రాత్రులు ఆలోచించాను. రెండు దారులు ఉన్నాయి.

మొదటిది: ఈ 15,100 పన్నెండు గంటల జీతం. అందులో మామూలు పని గంటల వాటా తీస్తే కనీస వేతనం కంటే బాగా తక్కువ. కాబట్టి ఇది కనీస వేతనం ఎగ్గొట్టిన కేసు. ఇలా నిలబడితే రావాల్సిన తేడాతో పాటు దానికి పది రెట్ల దాకా నష్టపరిహారం వేసే అధికారం ఉంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని సుప్రీం కోర్టు 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో చెప్పిన మాట కూడా ఈ దారిలో మనకు బలం.

రెండోది: 15,100 మామూలు గంటల జీతమే, పై గంటలకు ఓవర్‌టైం ఇవ్వలేదు. ఈ దారిలో రుజువు సులభం. కానీ పాత చట్టంలో, కనీస వేతనం తగ్గించిన కేసుకు కాకుండా మిగతా వాటికి పెట్టిన నష్టపరిహారం ఎంతో తెలుసా? పది రూపాయలకు మించకూడదు. పది రెట్లు కాదు, పది రూపాయలు. దశాబ్దాల కిందటి అంకె అది. పైగా 1998లో హట్టా మునిసిపల్ కౌన్సిల్ కేసులో సుప్రీం కోర్టు ఒక మాట చెప్పింది. కనీస వేతనం కంటే ఎక్కువ జీతం తీసుకునేవాళ్లు ఈ చట్టం కింద ఓవర్‌టైం అడగలేరని. మనవాళ్ల జీతం కొన్ని వందలు ఎక్కువ. ఆ కొన్ని వందలు ఎందుకు ఉన్నాయో అప్పుడు నాకు అర్థమైంది.

రెండూ రాశాను, మొదటిది ముఖ్యంగా, రెండోది ప్రత్యామ్నాయంగా. లెక్కలో ఒక జాగ్రత్త పాటించాను. భోజనానికీ కాఫీకీ రోజుకు గంట మేమే తీసేశాం. 84కు బదులు వారానికి 77 గంటలు, అందులో 48 పోను 29. గార్డులకు ఇది నచ్చలేదు. "గేటు ఇడిసి ఎప్పుడు తిన్నాం మేడం, ప్లేటు చేతిలో పట్టుకునే గేటు తీస్తాం" అన్నారు. నిజమే. కానీ విచారణలో అవతలి లాయర్ మొదట అడిగేది భోజనం గురించే. ఆ ప్రశ్నకు ముందే జవాబు ఇచ్చేస్తే మిగతా లెక్కను నమ్ముతారు.

ఏజెన్సీ తన జవాబులో ఇంకో వాదన తెచ్చింది. గేటు దగ్గర కుర్చీలో కూర్చోవడం నిరంతరాయమైన పని కాదని, మధ్యలో ఖాళీ ఉంటుందని. ఈ వాదన విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. దానికి చట్టంలోనే సమాధానం ఉంది. పని స్వభావం అలాంటిదని ప్రభుత్వం ప్రకటిస్తేనే, 13వ సెక్షన్ కింద ఆ మినహాయింపు వర్తిస్తుంది. యజమాని తనంతట తాను అనుకుంటే సరిపోదు. అలాంటి ప్రకటన ఏదీ ఏజెన్సీ చూపించలేకపోయింది.

గులాబీ రంగు కాగితాలు

ఇంతకీ గంటలకు రుజువు లేదు. తొమ్మిది మంది నోటి మాట ఒకవైపు, సంతకాలున్న మస్టర్ ఇంకోవైపు.

ఆ 2024 వేసవిలో బెంగళూరు నీళ్ల కరువు అందరికీ గుర్తుండే ఉంటుంది. మార్చి నెలలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు రేట్లు నిర్ణయించాల్సి వచ్చింది. ఆ గార్డులు పనిచేసే అపార్ట్‌మెంట్‌లో బోర్లు ఎండిపోయి రోజుకు నాలుగైదు ట్యాంకర్లు తోలించుకుంటున్నారు. ఒక రోజు పెద్దాయన ఫోన్ చేసి వాయిదా గురించి మాట్లాడుతూ మధ్యలో "ఉండండి మేడం, ట్యాంకర్ వచ్చింది, సంతకం పెట్టి వస్తా" అన్నారు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎక్కడ సంతకం పెడుతున్నారు?

ట్యాంకర్ డ్రైవర్ దగ్గర కార్బన్ పెట్టిన చిన్న స్లిప్పు బుక్కు ఉంటుంది. బండి నంబరు, తేదీ, టైము, 6,000 లీటర్లు, కింద నీళ్లు అందినట్టు గార్డు సంతకం. సంపు నిండాక మూత వేసి చేతులు ప్యాంటుకు తుడుచుకుని సంతకం పెడతారు. అందుకే చాలా స్లిప్పుల మీద తడి వేలిముద్ర మరక ఉంటుంది. తెల్ల కాగితం ట్యాంకర్ యజమానికి, గులాబీ రంగుది అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు. ఆ స్లిప్పులు చూసే అసోసియేషన్ నెలాఖరున డబ్బు కడుతుంది. అంటే అవి ఏజెన్సీ చేతిలో ఉండవు. ఏజెన్సీకి వాటి సంగతి గుర్తు కూడా లేదు.

అసోసియేషన్‌కు లేఖ రాశాను. బెదిరింపుగా రాయలేదు, కానీ చట్టం దాచలేదు. కనీస వేతనాల చట్టంలో యజమాని అంటే నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ పని చేయించుకునే ఎవరైనా. ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నంత మాత్రాన అసోసియేషన్ బయట ఉండదు. స్లిప్పులు, ఏజెన్సీ బిల్లులు భద్రపరచండి, లేదంటే అధికారి ద్వారా తెప్పించమని అడుగుతాం అని రాశాను.

ట్రెజరర్ రిటైరైన బ్యాంకు ఉద్యోగి, గుంటూరు వైపు ఆయన. ఒక ఆదివారం రెండు బాక్స్ ఫైళ్లు పట్టుకుని నా ఆఫీసుకే వచ్చారు. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న స్లిప్పులన్నీ నేల మీద పరిచి తేదీల వారీగా పేర్చాం. పెద్దాయన సంతకం తెలుగులో ఉంటుంది, చివర్లో ఒక సున్నా లాగి వదిలేస్తారు, వేరేవాళ్లది అనడానికి వీల్లేదు. ఒకే తేదీన పొద్దున 8:40కి ఒక స్లిప్పు, సాయంత్రం 7:15కి ఇంకో స్లిప్పు, రెండింటి మీదా అదే సున్నా. మస్టర్ ప్రకారం ఆయన ఆ రోజు మధ్యాహ్నం రెండుకే దిగిపోయారు. ఆయన ఒక్కరివే ఇలాంటి తేదీలు 61 దొరికాయి. మిగతావాళ్లవి కలిపితే రెండు వందలు దాటాయి.

ట్రెజరర్ అడిగిన ప్రశ్న

స్లిప్పులు పేరుస్తుంటే ఆయన ఒక మాట అన్నారు. "మేము పన్నెండు గంటలకే డబ్బు కడుతున్నాం కదమ్మా. మరి గొడవేమిటి?"

ఏజెన్సీ నెలవారీ బిల్లు తీసి చూపించారు. ఒక్కో గార్డుకు 27,400. వివరాలు కింద ఉన్నాయి. జీతం 15,100. అదనపు గంటలకు 5,800. సెలవు రోజున బదులు వచ్చే రిలీవర్‌కు 2,500. యూనిఫాంకు 350. తర్వాత పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు, సర్వీస్ ఛార్జి. అదనపు గంటల డబ్బు 2022 ఆగస్టు నుంచి నెలనెలా ఏజెన్సీకి అందుతోంది. అది గార్డుకు ఒక్క నెల కూడా చేరలేదు. రిలీవర్ లేడు. యూనిఫాం డబ్బు గార్డు జీతంలోనూ కోశారు.

ఆ బిల్లు నా ముఖ్య వాదనకు గండి కొట్టింది. 15,100 పన్నెండు గంటల జీతం అన్నది నా మొదటి దారి. ఇక్కడ అదనపు గంటలు విడిగా రాసి ఉన్నాయి కాబట్టి 15,100 మామూలు గంటలదే అని తేలుతోంది. పది రెట్ల ఆశ పలచబడింది. దాన్ని బయటపెట్టకుండా స్లిప్పులతోనే నడిపితే? ఆలోచించాను. కానీ ఓవర్‌టైం చేయించలేదన్న ఏజెన్సీ మాటను దాని సొంత బిల్లే అబద్ధం చేస్తోంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు ఎప్పుడూ దొరకలేదు. పది రెట్లు వస్తాయో రావో తెలియని తీర్పు కంటే, ఎదుటివాడు కాదనలేని డబ్బు మేలు అనుకున్నాను. బిల్లు ఫైల్ చేశాను.

దాని అసలు ప్రభావం విచారణలో కంటే అసోసియేషన్ మీటింగ్‌లో కనపడింది. తాము కట్టిన డబ్బు గార్డులకు చేరలేదని, చట్టప్రకారం మళ్లీ తామే కట్టాల్సి రావచ్చని తెలిసేసరికి ఏజెన్సీకి ఇవ్వాల్సిన రెండు నెలల బిల్లులు ఆపేశారు. అసోసియేషన్ వాళ్లను నేను నిర్దోషులని అనను. ఇరవై నెలలుగా అదే ముఖం పొద్దునా సాయంత్రం గేటు తీస్తుంటే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఏజెన్సీ ఒప్పందానికి వచ్చింది ఆ ఆగిన బిల్లుల కోసమే.

ఒప్పందం

ఏజెన్సీ మొదట తలా పదివేలు అంది. గార్డులందరినీ కూర్చోబెట్టి రెండు లెక్కలు కాగితం మీద వేసి చూపించాను. గెలిస్తే రెట్టింపు రేటు చొప్పున నెలకు 18,000 పైన, ఆరు నెలలకు ఒక్కొక్కరికి లక్షా తొమ్మిది వేల దాకా. కానీ హట్టా తీర్పు అడ్డం ఉంది, గెలిచినా హైకోర్టుకు వెళ్తారు, ఎన్నేళ్లో చెప్పలేను. ఒప్పందమైతే ఆరు నెలల గడువు అడ్డురాదు. ఏజెన్సీ వసూలు చేసిన 5,800ను ఇరవై నెలలకు అడగొచ్చు, అంటే 1,16,000. అందులో ఎంత రాబట్టగలం అన్నదే బేరం. నా అభిప్రాయం వాళ్లు అడిగాకే చెప్పాను. రాత్రంతా మాట్లాడుకుని ఒప్పందమే మేలన్నారు. ఉద్యోగం పోయిన కుర్రాడు ఒక్కడే పోరాడదాం అన్నాడు. అతని కోపం న్యాయమైనది.

ఇరవై నెలలు పనిచేసినవాళ్లకు 78,000 చొప్పున, తక్కినవాళ్లకు నెలల వారీగా. డబ్బు ఏజెన్సీ చేతుల మీదుగా కాకుండా, ఆపిన బిల్లుల నుంచి అసోసియేషనే గార్డుల ఖాతాల్లో వేయాలి. ఆగస్టు నుంచి ఎనిమిది గంటల షిఫ్టులు మూడు, వారానికి ఒక సెలవు, జీతం తగ్గకూడదు. ఇదంతా రెండు వైపులా సంతకం పెట్టిన జాయింట్ మెమోగా అధికారి ముందు పెట్టి ఆర్డర్‌లోకి ఎక్కించాం. బయట రాసుకున్న ఒప్పంద పత్రాన్ని ఎగ్గొడితే మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. ఆర్డర్ అయితే వసూలుకు దారి ఉంటుంది.

కుర్రాడికి అతని వాటా వచ్చింది. ఉద్యోగం రాలేదు. ఇంకో ఇద్దరు ఎనిమిది గంటల డ్యూటీ దిగి పక్క వీధిలో ఇంకో ఎనిమిది గంటల డ్యూటీకి ఎక్కుతున్నారు. ఊళ్లో అప్పులున్నాయి. వాళ్లకు ఇప్పుడు రోజుకు పదహారు గంటలు.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి

ఎవరు వచ్చినా మొదటి రోజే ఏజెన్సీ చేతిలో లేని కాగితం ఏదైనా ఉందా అని అడుగుతున్నాను. కొరియర్ డెలివరీ సంతకాలు, జనరేటర్ డీజిల్ స్లిప్పులు, చెత్త బండి బుక్కు, విజిటర్ యాప్‌లో గార్డు లాగిన్. మనిషి ఎక్కడో ఒకచోట టైము వేసి సంతకం పెట్టే ఉంటాడు. ఫిర్యాదు ఇచ్చే ముందే ఛార్జ్ బుక్కు ఫొటోలు తీయిస్తున్నాను. ఒక్కరి పేరుతో ఫిర్యాదు ఇవ్వడం మానేశాను.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక కొన్ని లెక్కలు మారాయి. వేతనాల కోడ్‌లో క్లెయిమ్‌కు గడువు మూడేళ్లు. జీతం ఇచ్చినట్టు రుజువు చేసే భారం యజమానిదే. ఆ పది రూపాయల పరిమితి పోయింది. కానీ ఎన్ని గంటలు పని చేశారన్నది మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు చూపించాల్సిందే. సంతకం పెట్టిన మస్టర్ ఇప్పటికీ అవతలివైపే ఉంటుంది.

డబ్బు పడిన వారానికి పెద్దాయన పాస్‌బుక్ తీసుకుని వచ్చారు. 78,000 ఎంట్రీ చూపించి, కాసేపు తటపటాయించి అడిగారు. "మేడం, మా అమ్మప్పటి మూడు దినాలది దీంట్లోనే కలిపినారా?"

మెమో తీసి చదివాను. అందులో అది లేదు. ఎనిమిది నెలల్లో ఆ 1,320 నేను పూర్తిగా మరిచిపోయాను. ఆయన మరవలేదు. ఆ రోజే ఏజెన్సీకి విడిగా లేఖ రాశాను. మూడు వారాల తర్వాత డబ్బు పడింది. పెద్దాయన మళ్లీ వచ్చి, కొత్తగా ప్రింటు వేయించిన పేజీలో ఆ ఒక్క గీత మీద వేలు పెట్టి చూపించి, పాస్‌బుక్ జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయారు.